మితం సరే, నిజం చెప్పేదెవరు?



"జబ్బు తెచ్చుకున్నాడంటే నోరు కట్టుకోనందుకే" అని మనం తేలిగ్గా అనేస్తాం. ధమ్మం కూడా మితంగా తినమనే చెబుతుంది కదా అని మీరడగొచ్చు. నిజమే. కానీ బుద్ధుడు ఆ మాట చెప్పిన సందర్భం చూడండి.

కోసల రాజు పసేనది విపరీతంగా తినేవాడు. ఒకరోజు కడుపునిండా తిని, ఆయాసపడుతూ భగవానుని దగ్గరికొచ్చాడు. మితంగా తినేవాడికి బాధలు తగ్గుతాయని బుద్ధుడు ఒక గాథ చెప్పాడు. రాజు తన నిగ్రహాన్నే నమ్ముకోలేదు. సుదస్సనుడనే యువకుణ్ణి పిలిచి, తాను భోంచేసే ప్రతిసారీ ఆ గాథ వినిపించమన్నాడు. అందుకు రోజుకు 100 కహాపణాలు ఏర్పాటు చేశాడు. క్రమంగా తిండి తగ్గింది, ఒళ్లు తేలికపడింది.

గుర్తుచేసేవాడికి డబ్బిచ్చింది ఎవరు? తినేవాడే. మరి ఈరోజు మన పళ్లెం పక్కన మాట్లాడుతున్నది వ్యాపార ప్రకటన. దానికి డబ్బిచ్చేది అమ్మేవాడు. ఒక్కోసారి అతను శాస్త్రం గొంతుతోనూ మాట్లాడతాడు. 1960లలో అమెరికా చక్కెర పరిశ్రమ హార్వర్డ్ పరిశోధకులకు డబ్బిచ్చింది. గుండెజబ్బులో చక్కెర పాత్రను తగ్గించి, కొవ్వు మీదికి నెట్టే వ్యాసం 1967లో పేరున్న వైద్య పత్రికలో వచ్చింది. డబ్బు సంగతి లోకానికి తెలిసింది 2016లో!

మన హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో 17 ఆహార మార్గదర్శకాలు ఇచ్చింది. కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్నవి తగ్గించమంది, లేబుల్ చదవమంది. మంచి మాటే. కానీ లేబుల్ ఇంగ్లిష్‌లోనో హిందీలోనో ఉంటే చాలన్నది నిబంధన. కూలికెళ్లే తల్లి ఆ చీమతలకాయంత అక్షరాలు ఎలా చదువుతుంది? చిలీ దేశంలో 2016 నుంచి అలాంటి ప్యాకెట్ల ముందువైపే నల్లటి హెచ్చరిక గుర్తు తప్పనిసరి. మన దగ్గర 2022లో ప్రతిపాదించింది నక్షత్రాల పద్ధతి. చక్కెర ఎక్కువున్నా, పండో పప్పో కలిపితే నక్షత్రాలు పెరుగుతాయి!

పంచశీలలో నాలుగోది అబద్ధమాడకపోవడం. ముందు పండ్ల బొమ్మ వేసి, నిజాన్ని వెనక దాస్తే అది అబద్ధం కాదా? మితం తినేవాడి శీలం, సత్యం అమ్మేవాడి శీలం. రెండోదాన్ని అడగకుండా మొదటిదే బోధిస్తే అది ధమ్మం కాదు, పేదవాడి మీద నింద.

ఈ పౌర్ణమికి మీ విహారంలో పిల్లలు కొనుక్కునే ప్యాకెట్లు నాలుగు తెచ్చి, వెనకవైపు చదవండి. బరువులో ఎక్కువున్న పదార్థం పేరే ముందుంటుంది. చక్కెర ఎన్నోది? చదువురానివాళ్లకు వినిపించండి. ముందువైపే, తెలుగులో హెచ్చరిక వేయమని ప్రభుత్వాన్ని అడగండి. అది వచ్చేదాకా సుదస్సనుడి పని మనదే.

జై భీమ్. నమో బుద్ధాయ.