రోగిని పరామర్శించాం... ఆసుపత్రికి చేర్చామా?

 

నెల్లూరు సముద్రతీరంలోని ఒక పల్లెలో చిన్న మసీదు ఉంది. జుమా ఖుత్బా కోసం మేము అప్పుడప్పుడు అక్కడికి వెళుతూ ఉంటాం. ఆ మసీదులో చాలాకాలం అజాన్ పలికిన ఒక పెద్దాయన ఉన్నారు. ఊరంతా ఆయనను 'చాచా' అని పిలుస్తుంది. పగలు మసీదు సేవ, రాత్రి రొయ్యల గుంటల దగ్గర కావలి, ఇదీ ఆయన జీవితం. చాచాకు చక్కెర వ్యాధి ఉంది. ఒకసారి గుంట గట్టు మీద నడుస్తుంటే కాలికి గాజుముక్క గుచ్చుకుంది. గాయం మానలేదు. రోజు విడిచి రోజు నెల్లూరుకు వచ్చి కట్టు కట్టించుకోవాలని డాక్టరు చెప్పారు.

ఆ నెలలో మేము ఆయన ఇంటికి మూడుసార్లు వెళ్లాం. మంచం పక్కన కూర్చున్నాం. దుఆ చేశాం. సహనం వహించమని బోధించాం. ఆయన ఇంటివారు ఇచ్చిన టీ తాగి వచ్చేశాం. నాలుగోసారి వెళ్లేసరికి చాచా కాలు మోకాలి కింద వరకు తీసేసి ఉంది. కట్టు కట్టించుకోవడానికి వెళ్లాల్సిన రోజుల్లో సగం రోజులు ఆయన వెళ్లనేలేదట. బస్సు ఎక్కాలంటే పెద్ద రోడ్డు దాకా నడవాలి. ఆ కాలితో నడవలేరు. ఆటో మాట్లాడుకుంటే రానూపోనూ రెండు రోజుల కూలి పోతుంది.

"మాతో ఒక్క మాట చెప్పి ఉండకూడదా చాచా?" అన్నాం.

ఆయన తల దించుకుని, "అడిగితే ఎవరైనా తీసుకుపోయేవారేమో హజ్రత్... అడగడానికే నోరు రాలేదు" అన్నారు.

ఆ రోజు జుమా నమాజు ముగిశాక మసీదు బయట నిలబడి లెక్కపెట్టాం. పదకొండు మోటారు సైకిళ్లు, రెండు ఆటోలు, ఒక కారు ఉన్నాయి. ఆ పెద్దాయన కాలు పోవడానికి చక్కెర వ్యాధి ఒక కారణం. ఆయన ఎలా వెళుతున్నారని మూడుసార్లలో ఒక్కసారి కూడా అడగని మా నోరు ఇంకొక కారణం. ఈ నాలుగు మాటలు ఇతరులకు బోధించడానికంటే ముందు మమ్మల్ని మేము నిలదీసుకోవడానికి రాస్తున్నాం.

పరామర్శ అంటే ఏమిటి?

రోగిని పరామర్శించడం, అనగా ఇయాదత్, ఒక ముస్లింపై మరో ముస్లింకు ఉన్న హక్కుల్లో ఒకటని మనందరికీ తెలుసు. సహీహ్ ముస్లింలో హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు ఉంది. ప్రళయదినాన అల్లాహ్ తన దాసుణ్ణి నిలబెట్టి, తాను జబ్బుపడితే ఎందుకు చూడటానికి రాలేదని అడుగుతాడు. సర్వలోకాల ప్రభువువు, నిన్ను నేనెలా పరామర్శించగలనని దాసుడు విస్తుపోతాడు. ఫలానా దాసుడు జబ్బుపడ్డాడు కదా, నువ్వు అతని దగ్గరికి వెళ్లి ఉంటే నన్ను అక్కడే పొంది ఉండేవాడివి అని జవాబు వస్తుంది. అదే హదీసులో ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడం, దప్పిగొన్నవాడికి నీళ్లు ఇవ్వడం గురించి కూడా ఇలాగే ఉంది.

ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి ఆలోచించండి. ఆకలిగొన్నవాడి దగ్గర కూర్చుని దుఆ చేసి లేచి వస్తే అతనికి అన్నం పెట్టినట్లవుతుందా? కాదు. మరి రోగి విషయంలో మాత్రం పలకరింపుతోనే మన బాధ్యత తీరిపోయిందని ఎలా అనుకుంటున్నాం? అతనికి కావలసింది వైద్యం. ఆ వైద్యం పాతిక కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆ దూరమే అతని ఆకలి, అతని దప్పిక.

దైవప్రవక్త (స) ఆచరణ చూడండి. కందక యుద్ధంలో హజ్రత్ సఅద్ బిన్ ముఆజ్ (రజి)కి బాణం తగిలి తీవ్రమైన గాయమైంది. అప్పుడు దైవప్రవక్త (స) ఆయన కోసం మస్జిదె నబవీలోనే ఒక గుడారం వేయించారు, దగ్గరలో ఉంటే తరచు చూసుకోవచ్చని. ఈ సంగతి సహీహ్ బుఖారీలో ఉంది. రోగికీ, అతణ్ణి చూసుకునేవారికీ మధ్య ఉన్న దూరాన్ని తగ్గించడం ప్రవక్త (స) సున్నత్ అన్నమాట.

సవారీ ఎక్కించడం కూడా సదఖాయే

సదఖా అనగానే మన చెయ్యి జేబులోకి వెళుతుంది. కానీ దైవప్రవక్త (స) దాన్ని జేబుకు మాత్రమే పరిమితం చేయలేదు. మనిషి ఒంట్లోని ప్రతి కీలుకూ ప్రతిరోజూ ఒక సదఖా బాకీ ఉందని ఆయన తెలిపారు. ఆ బాకీ తీర్చే మార్గాలను చెబుతూ, ఒక మనిషిని అతని వాహనంపైకి ఎక్కించడానికి సాయపడటం, అతని సామాను పైకి అందించడం కూడా సదఖాయేనని సెలవిచ్చారు. బుఖారీ, ముస్లిం రెండు గ్రంథాల్లోనూ ఈ హదీసు ఉంది. ఆనాడు ఒంటె, గుర్రం. ఈనాడు మోటారు సైకిలు, ఆటో. వాహనం మారింది గాని, ఎక్కలేని ముసలి కాలు మారలేదు.

ఇంకో సంఘటన హజ్రత్ అబూ సయీద్ ఖుద్రీ (రజి) చెప్పారు. ఒక ప్రయాణంలో ఒక వ్యక్తి వచ్చి కుడిఎడమలకు చూడసాగాడు. నోరు తెరిచి ఏమీ అడగలేదు. అది గమనించిన దైవప్రవక్త (స), తమ అవసరానికి మించి సవారీ ఉన్నవారు లేనివారికి ఇవ్వాలని, మించిన ఆహారం ఉన్నవారు లేనివారికి పెట్టాలని ఆదేశించారు. ఆయన ఒక్కొక్క వస్తువు పేరే చెబుతూ పోతుంటే, అవసరానికి మించిన దేనిపైనా తమకు హక్కే లేదేమో అని సహాబాలకు అనిపించిందట. గమనించండి, ఆయన (స) ఆ మనిషి నోటి కోసం ఎదురుచూడలేదు, అతని కళ్లను చదివారు. చాచా ముఖంలో మేము చదవలేకపోయింది అదే. ఆత్మాభిమానం వల్ల ఎవరినీ వేధించి అడగని పేదలను వారి ముఖ లక్షణాలను బట్టి గుర్తుపట్టవచ్చని దివ్యఖుర్ఆన్ బఖరా సూరాలో మనకు ముందే తెలిపింది.

హిజ్రీ 9వ సంవత్సరంలో తబూక్ ప్రయాణం వచ్చింది. దారి దూరం, ఎండ తీవ్రం. కొందరు పేద సహాబాలు వచ్చి తమకు సవారీలు ఇప్పించమని అడిగారు. ఇవ్వడానికి ఏమీ లేకపోవడంతో వారు కన్నీళ్లతో వెనుదిరిగారు. తౌబా సూరాలో అల్లాహ్ ఆ కన్నీళ్లను ప్రస్తావించి, వారిపై ఏ నిందా లేదని ప్రకటించాడు. సవారీ లేకపోవడం ఎంతటి దుఃఖమో ఖుర్ఆన్ గుర్తించింది. కాని ఒక తేడా గమనించాలి. ఆ రోజు మదీనాలో ఇవ్వడానికి సవారీలు లేవు. ఈ రోజు మన మసీదు ముందు వరుసగా నిలబడి ఉన్నాయి!

ప్రభుత్వ వాహనాలు లేవా?

ఉన్నాయి. కృతజ్ఞత చెప్పుకోవలసినవే. 2005 ఆగస్టు 15న మొదలైన 108 అంబులెన్సు ఎన్నో ప్రాణాలు నిలిపింది. గుండెనొప్పి, పక్షవాతం, రోడ్డు ప్రమాదం, పురిటినొప్పులు వంటి సందర్భాల్లో క్షణం ఆలస్యం చేయకుండా 108కే ఫోను చేయాలి. అటువంటి రోగిని మోటారు సైకిలు మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకుపోవడం సాయం కాదు, ప్రమాదం. 104 వాహనం ఊరికి వచ్చే రోజు తెలుసుకుని ఉంటే బీపీ, షుగరు పరీక్షలు ఊళ్లోనే అయిపోతాయి. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం.

అయితే బస్సు పెద్ద రోడ్డు మీద ఆగుతుంది. మన తీరగ్రామాల సంగతి మీకు తెలియనిది కాదు. ఒక పక్క సముద్రం, ఒక పక్క బకింగ్‌హాం కాలువ, మధ్యలో ఉప్పుటేర్లు, రొయ్యల గుంటలు. ఇంటి గుమ్మం నుంచి బస్సు ఆగే చోటు వరకు ఉన్న ఆ రెండు మూడు కిలోమీటర్లే మోకాళ్ల నొప్పులున్న నానీమాకు దాటలేని ఎడారి. ఇక 108 ప్రాణాపాయంలో ఉన్నవారి కోసం. పాత గాయానికి కట్టు మార్పించడానికి, కంటిశుక్లం పరీక్షకు, ప్రతినెలా మందులకు అది రాదు. మూత్రపిండాలు చెడిపోయినవారు వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కు వెళ్లాలి. ప్రతిసారీ నాలుగు గంటలు అక్కడే ఉండాలి. ఒక్క వారం మానేసినా ప్రాణం మీదికి వస్తుంది. ఈ రోజువారీ ప్రయాణాల్లో సైరన్ మోగదు, ఎవరూ తొందరపడరు. ఇక్కడే పొరుగువారి బాధ్యత మొదలవుతుంది.

కొందరి ఇళ్లలో ఇంకో మాట వినిపిస్తుంది: "వయసు మీద పడింది, ఇక ఆసుపత్రులెందుకు?" చికిత్స చేయించుకోమని దైవప్రవక్త (స) ఆజ్ఞాపించారు. ముసలితనం తప్ప ప్రతి రోగానికీ అల్లాహ్ మందును సృష్టించాడని తెలిపారు. ముసలితనానికి మందు లేదన్నది నిజమే. కాని ముసలివారికి వచ్చే కంటిశుక్లానికి ఉంది, చక్కెరకు ఉంది, కాలి పుండుకు ఉంది. తల్లిదండ్రుల వైద్యాన్ని వయసు పేరు చెప్పి ఆపేయడం సంతానానికి తగదు. కొడుకులు గల్ఫ్‌లోనో చెన్నైలోనో ఉండి డబ్బు పంపుతున్నారు. కాని డబ్బు చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కించలేదు కదా!

మసీదు కమిటీలకు మా విన్నపం

మొదటిది: మీ మహల్లాలో ఒంటరి వృద్ధులు, దీర్ఘరోగులు ఎవరెవరున్నారో ఒక పుస్తకంలో రాసుకోండి. ఎవరు ఏ రోజు ఏ ఆసుపత్రికి వెళ్లాలో పక్కనే రాయండి.

రెండవది: వాహనాలున్న నమాజీలను నెలకు ఒక్క రోజు ఇవ్వమని అడగండి. ఎలాగూ నెల్లూరుకో కావలికో పనిమీద వెళ్లేవారు ముందురోజు ఇషా తర్వాత చెబితే చాలు. ఖాళీగా పోయే సీటు ఒక రోగికి దక్కుతుంది.

మూడవది: ఒక తోడు మనిషిని పంపండి. పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ ఎక్కడ రాయించాలో, ఏ గదికి వెళ్లాలో చదువురాని పెద్దలకు తెలియదు. వృద్ధ స్త్రీల వెంట వారి మహ్రమ్ గాని, నమ్మకమైన మరో స్త్రీ గాని వెళ్లే ఏర్పాటు చూడాలి.

నాలుగవది: డబ్బు విషయం. పేద రోగి జకాత్‌కు అర్హుడైతే ప్రయాణ ఖర్చుల కోసం జకాత్ సొమ్మును అతని చేతికే ఇవ్వవచ్చు. కాని అందరి ఉపయోగానికి ఆటో కొనాలంటే జకాత్ వాడకండి. హనఫీ ఫిఖా ప్రకారం జకాత్ సొమ్ము అర్హుడి సొంతం కావాలి. వాహనానికి సదఖా, విరాళాలు సేకరించండి. సందేహముంటే మీ ముఫ్తీ గారిని అడగండి.

అయిదవది: అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మనకు వానలు, తుఫానులు. 2021 నవంబరులో పెన్నా పొంగి కోవూరు వైపు జాతీయ రహదారి కోతకు గురైంది. పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు దెబ్బతిన్నాయి. పెద్ద రోడ్డే తెగితే పల్లె దారి సంగతి చెప్పాలా? వానలకు ముందే పెద్దల మందులు నెలకు సరిపడా ఇంట్లో ఉన్నాయో లేదో చూడండి.

"ఆసుపత్రికి తీసుకువెళితే జమాఅత్ తప్పిపోతుందే" అని కొందరు అడగవచ్చు. చూసే దిక్కు వేరే లేని రోగికి సేవ చేయడాన్ని జమాఅత్ వదలడానికి అనుమతించే కారణాల్లో ఒకటిగా ఫుఖహాలు లెక్కించారు. నమాజును దాని వేళలో చదువుకోండి. రోగిని వదిలేయకండి.

ఈ పుస్తకంలో ముస్లింల పేర్లు మాత్రమే రాయకండి. మన పక్కనే మత్స్యకారుల కుప్పాలు, యానాదుల గుడిసెలు ఉన్నాయి. దైవప్రవక్త (స) తనకు సేవ చేసే యూద బాలుడు జబ్బుపడితే స్వయంగా వెళ్లి అతని తల దగ్గర కూర్చున్నారు. పొరుగువాడి హక్కుకు మతం అడ్డు కాదు. ఎవరిని తీసుకువెళ్లినా తర్వాత ఎత్తిపొడవకండి. ఎత్తిపొడుపు సదఖాను బూడిద చేస్తుందని ఖుర్ఆన్ హెచ్చరించింది.

చివరగా ఒక్క మాట. మాఊన్ సూరా మనలో చాలామంది నమాజులో చదువుతారు. నమాజు చదువుతూనే, ఇరుగుపొరుగు వాడుకునే చిన్నచిన్న వస్తువులను కూడా ఇవ్వనివారిని ఆ సూరా తీవ్రంగా నిందించింది. ఆ వస్తువులంటే చేద, కుండ, గొడ్డలి వంటివని హజ్రత్ ఇబ్నె మస్ఊద్ (రజి) వివరించారు. ఈ కాలంలో ఆ జాబితాలో మోటారు సైకిలు తాళంచెవి కూడా ఉంటుందేమో ఆలోచించండి.

ఇప్పుడు చాచా ఇంట్లోనే కుర్చీలో కూర్చుని నమాజు చదువుకుంటున్నారు. మిగిలిన కాలును కాపాడుకోవడానికి ప్రతినెలా నెల్లూరు వెళ్లాలి. ఆ మసీదులో ఇప్పుడు ఒక పుస్తకం ఉంది. అందులో మొదటి పేరు ఆయనదే. ఇకపై ఏ రోగి మంచం పక్కన కూర్చున్నా, దుఆకు చేతులెత్తే ముందు ఒక్క ప్రశ్న అడుగుదాం: "ఆసుపత్రికి ఎట్లా పోతున్నారు?"

ఓ అల్లాహ్! మా రోగులకు స్వస్థత ప్రసాదించు. మా పెద్దల మౌనాన్ని అర్థం చేసుకునే మనసు మాకివ్వు. నీవిచ్చిన వాహనాలను మాకు పుణ్యంగా మార్చు, ప్రళయదినాన మాకు వ్యతిరేకంగా సాక్ష్యంగా మార్చకు. ఆమీన్.