సవరణా, మార్పా?

ఇంగ్లీషులో "అమెండ్" అన్నా "ఆల్టర్" అన్నా ఒకటేనని చాలామంది అనుకుంటారు. మొదటి మాటకు లాటిన్‌లో మూలం "దోషం". దోషాన్ని తొలగించడమని దాని అర్థం. రెండవదానికి మూలం "మరొకటి". కనుక అమెండ్ చేస్తానన్నవాడు వున్నదానిపై ఒక నేరం మోపుతున్నాడన్నమాట. ఆ నేరాన్ని రుజువు చేయవలసినవాడూ అతడే.

1973లో కేశవానంద భారతి కేసులో సుప్రీంకోర్టు 7–6 మెజారిటీతో, పార్లమెంటు రాజ్యాంగాన్ని అమెండ్ చేయవచ్చునుగాని దాని మౌలిక స్వరూపాన్ని ఆల్టర్ చేయజాలదన్నది. ఇది వట్టి మాటల గారడీ అని కొట్టివేయడం తేలిక. కాని 1951 నాటి మొదటి సవరణను చూడండి. బీహారు భూసంస్కరణ చట్టాన్ని పాట్నా హైకోర్టు ఆ యేడే కొట్టివేసింది. అటువంటి చట్టాలను కాపాడడానికి తొమ్మిదవ షెడ్యూలు వచ్చింది. ఇక్కడ దోషం కంటికి కనబడుతున్నది: జమీందారు కోర్టుకెక్కితే రైతుకు భూమి దక్కదు. అదే సవరణ వాక్‌స్వాతంత్ర్యానికి "ప్రజాశాంతి" పేరిట కొత్త ఆంక్ష కూడా తగిలించింది. అక్కడ తొలగించిన దోషమేమిటి? మద్రాసు ప్రభుత్వం "క్రాస్‌రోడ్స్" పత్రికను తన రాష్ట్రంలోకి రాకుండా నిషేధిస్తే, 1950లో సుప్రీంకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది. పత్రిక గెలవడమే దోషమైందా? అది అచ్చమైన మార్పు. అయినా శాసన గ్రంథంలో రెండూ సవరణలే.