వ్యాట్‌లో మంజీర వాటా

"లీటరు పెట్రోలు మీద మన తెలంగాణ 35.2 శాతం వ్యాట్ తీసుకుంటది, డీజిల్ మీద 27. అండ్ల మంజీర మొసళ్లకు, కొంగలకు ఒక వాటా రాసియ్యాలె మామా."

హైదరాబాద్ శివారు కొల్లూరులో ఔటర్ రింగ్ రోడ్డు మీది లారీల వరుసను చూస్తూ నేనన్న మాట ఇది. మా మేనమామ పన్నుల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి.

"పన్ను వేరు, ఫీజు వేరు అల్లుడా. ఫీజు కడితే బదులు పని అడగొచ్చు. పన్ను సంచిత నిధిల వడ్తది. దేనికెంతన్నది అసెంబ్లీ చెప్తది. దవాఖానకే తక్కువబడే కాడ మొసలికి ముందే ఎట్ల రాసిస్తవ్?"

"దానం గాదు, బాకీ. పటాన్‌చెరు ఫ్యాక్టరీల మురికి నక్కవాగుల వడి మంజీరకే పారింది గద."

ఆ కాలుష్యం మీద కేసు 1990లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఎండిన పంటకు లెక్కకట్టి రైతులకు పరిహారం ఇమ్మన్నారు. వాగులో చచ్చిన చేపకు లెక్క ఎవరు కట్టాలి? 1978లో అభయారణ్యమైన మంజీర నీళ్లు జంటనగరాలు తాగాయి. అమీన్‌పూర్ చెరువును 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలమన్నారు. ప్రకటనకు ఖర్చు లేదు, కాపలాకు ఉంది.

మామ కాసేపు ఆగి అసలు చిక్కు చెప్పాడు. "పెట్రోలు ఎంత కాలితే నీ నిధికి అన్ని పైసలు. అప్పుడు అడవిని కాసేటోడే బండ్లు పెరగాలని మొక్కాలె. గిదేం ధర్మం?"

నన్ను కలవరపెట్టిన ప్రశ్న ఇదే. హాని ఆగిపోతే రక్షణ కూడా ఆగిపోయే ఏర్పాటును రక్షణ అనలేం. కానీ 2024 నవంబరులో ఎలక్ట్రిక్ బండ్లకు రోడ్డు పన్ను మాఫీ చేసింది ఈ ప్రభుత్వమే. అంటే ఈ రాబడి తగ్గాలని తానే కోరుకుంటోంది. తగ్గేలోపు వచ్చిన వాటాను కదపకుండా దాచి, దాని మీద వచ్చే ఆదాయంతోనే కాపలా నడపాలి. అమెరికాలోని మిషిగన్ 1976 నుంచి చమురు, గ్యాసు సొమ్మును అలా దాచింది. 50 కోట్ల డాలర్లు నిండాక, 2011 నుంచి, ఆ నిధి సంపాదనతోనే భూములు కొంటోంది.

"అది రాయల్టీ, పన్ను గాదు," అని మామ దిద్దాడు. నిజమే. మళ్లీ ఆయనే అడిగాడు: "మరి బొగ్గు సెస్సు ఏమాయె? స్వచ్ఛ ఇంధనానికని 2010ల టన్నుకు 50 రూపాయలతోని మొదలైంది, 2016కు 400 ఆయె. జీఎస్టీ రాంగనే రాష్ట్రాల నష్టపరిహారంల కలిపేసిన్రు."

"అందుకే ఉత్తి జీవో సరిపోదు మామా. అడవి నరికినందుకు కట్టే కాంపా సొమ్ముకు 2016ల పార్లమెంటు చట్టమే చేసింది. మనకూ గసొంటిది గావాలె."

"చట్టమైతే నేనూ అడ్డం చెప్ప," అన్నాడు మామ.

నేను కోరేది వ్యాట్ రూపాయిలో ఒక్క పైసా, దాన్ని మరో పద్దుకు మళ్లించనివ్వని చట్టం. పటాన్‌చెరు, సంగారెడ్డి ఓటర్లారా, వచ్చే బడ్జెట్ సమావేశాల కంటే ముందే మీ ఎమ్మెల్యేలను ఈ మాట అడగండి.