మనోవర్తి సొమ్ము ఎవరిది?

ధ్యాన భాగము: ఆదికాండము 21వ అధ్యాయము, 8వ వచనము మొదలు 21 వరకు



ఈ మాసము మనము ధ్యానించుటకు తీసికొన్న భాగము ఆదివారపు బడి పిల్లలకు సహితము తెలిసినదే. అబ్రాహాము వేకువనే లేచి, కొంత రొట్టెను ఒక తిత్తి నీళ్లను హాగరు భుజముమీద ఉంచి, పిల్లవానిని ఆమెకు అప్పగించి సాగనంపెను. వారు బెయేర్షెబా అరణ్యములో దారి తెలియక తిరిగిరి. తిత్తి వట్టిపోయెను. తల్లి బిడ్డను పొద నీడన విడిచి, వాని చావు చూడలేక దూరముగా పోయి ఏడ్చుచు కూర్చుండెను.

ఇంతవరకు అందరము ఎరిగినదే. కాని ఒక చిన్న సంగతిని మనము తరచుగా దాటిపోవుచున్నాము. ఏడ్చినది తల్లి యని వ్రాయబడియుండగా, దేవుడు ఆలకించినది పిల్లవాని స్వరమని వ్రాయబడియున్నది. శారా మాట కఠినమా, హాగరు కుమారుని ఎగతాళి తప్పా, అబ్రాహాము మెత్తదనము దోషమా, ఆ విచారణ ఏదియు ఆ అరణ్యములో జరుగలేదు. దాహముగొన్న పిల్లవానికి ముందు నీళ్లు దొరికెను.

ఈ భాగమును ఇప్పుడు తీసికొనుటకు కారణము కలదు. గంపలగూడెము చుట్టుపట్ల మన సంఘములలో విడాకులైన కుటుంబములు ఉన్నవి. అది దాచిన దాగునది కాదు. బిడ్డ తల్లియొద్ద ఉండును. నెలకు ఇంత చొప్పున తండ్రి ఇయ్యవలెనని కోర్టు ఉత్తరువు ఉండును. ఆ ఉత్తరువు చుట్టూ ఏండ్ల తరబడి వ్యాజ్యము నడచుచుండును. విడాకులు తగునా తగదా అను సంగతిని గూర్చి ప్రభువు మత్తయి సువార్త 19వ అధ్యాయములో సెలవిచ్చినది సంఘమునకు తెలియును గనుక దానిని ఇక్కడ మరల ఎత్తుకొనము. ఆ తెగింపు తరువాత మిగిలిన పసివారిని గూర్చి మాత్రమే ఈ పుట.

మేము ఇండ్లకు ప్రార్థనకు వెళ్లినప్పుడు ఈ మాటలు వినుచున్నాము. తండ్రి అనును: "అయ్యగారూ, నన్ను కాదని పోయిన మనిషిని నేనెందుకు పోషించవలెను?" తల్లి అనును: "అయ్యగారూ, అతని ముక్కు పిండి వసూలు చేసిగాని ఊరుకొనను." ఇద్దరి మాటలలోను ఒక్కటే పొరపాటున్నది. ఆ సొమ్ము ఆమెది కాదు, అతనిది కాదు. ఆ సొమ్ము బిడ్డది.

ఇది మేము బోధకొరకు కల్పించిన మాట కాదు. దేశ చట్టమే అట్లు చెప్పుచున్నది. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులో 125వ సెక్షను అని మనవారు చెప్పుకొనునది 2024 జూలై 1 మొదలుకొని భారతీయ నాగరిక సురక్షా సంహితలో 144వ సెక్షను ఆయెను. అది ఏ మతము వారికైనను ఒక్కటే. అందులో భార్య పాలు వేరు, బిడ్డ పాలు వేరు. ఏదో కారణముచేత భార్యకు మనోవర్తి రాదని కోర్టు త్రోసివేసినను, బిడ్డ పాలు నిలిచియే యుండును. వివాహము లేకుండ పుట్టిన బిడ్డకు సహితము ఆ హక్కు ఉన్నది. క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టములో పిల్లల పోషణను గూర్చియు చదువును గూర్చియు సెక్షనులు ప్రత్యేకముగా ఉన్నవి. అట్టి దరఖాస్తులను నోటీసు అందిన 60 దినములలో, వీలైనంతవరకు, తేల్చవలెనని 2001లో సవరణ చేసిరి. వీలైనంతవరకు అను ఆ ఒక్క మాటలో ఎన్ని వాయిదాలు పట్టునో తిరువూరు బస్సు ఎక్కి దిగిన తల్లులకు తెలియును.

పెద్దమనుషుల యెదుట స్టాంపు కాగితము వ్రాసికొన్నవారిని గూర్చియు ఒక మాట. "ఇకమీదట బిడ్డ ఖర్చు నేను అడుగను" అని తల్లి వ్రేలిముద్ర వేసిన కాగితమును తండ్రి పెట్టెలో భద్రము చేసికొని, దానిని దేవుని రక్షణ పత్రమువలె చూపించుచుండును. అట్టి కాగితముతో క్రైస్తవ వివాహము రద్దు కాదు. బిడ్డ అన్నము అంతకన్నను రద్దు కాదు. తనది కానిదానిని తల్లి ఎట్లు వదలుకొనగలదు? కోర్టులు ఈ మాట మరల మరల చెప్పియున్నవి.

ఇక తండ్రులు చెప్పు కారణములకు వత్తము. అన్నియు అబద్ధములని మేము అనము. వీటిలో మొదటిది పంట. ఉత్తరువు నెలనెలకు వ్రాయబడును. మన మిరప రైతు చేతికి డబ్బు నెలనెల రాదు. కల్లములో కాయ ఎండి, బస్తాలకెత్తి, గుంటూరు యార్డుకు పోయి, ధర తేలిన తరువాత ఒక్కసారి వచ్చును. వచ్చిన దినముననే పురుగుమందుల కొట్టువాడు, కౌలు భూమి యజమాని, కోత కూలీల మేస్త్రీ గుమ్మములో నిలుచుందురు. అందరికి పంచిన తరువాత మిగిలినది బిడ్డకు. తరచుగా ఏమియు మిగులదు. పత్తివానికిని మామిడి తోటవానికిని ఇదే గతి.

ప్రియులారా, కొట్టువానికి ముందు ఇచ్చుట ఎందుచేత? వాడు మరుసటి ఏడు అప్పు ఇయ్యడను భయముచేత. బిడ్డ అట్లు భయపెట్టలేడు. యోసేపు ఏడు సంవత్సరముల పంటలో నుండి కొంత ముందుగా తీసి కొట్లలో వేయించెను గాని, అందరును తినగా మిగిలినదానిని కాదు. యార్డు నుండి వచ్చిన సొమ్ములో పండ్రెండు నెలల మనోవర్తి ముందే లెక్కకట్టి, బిడ్డ తల్లి ఖాతాలో వేసినయెడల, ఏడాది పొడుగున ఆ రైతు కోర్టు మెట్లు ఎక్కనక్కరలేదు. అమెరికాలో 1988 నాటి చట్టము ప్రకారము తండ్రి జీతములో నుండి బిడ్డ పాలు ముందే కోసి పంపు పద్ధతి స్థిరపడెను. అక్కడ పనిచేయు తెలుగువారికిని అదే వర్తించును. మిరప చేనికి అట్లు కోసి పంపు యజమాని లేడు. ఆ పని రైతు తన చేతితోనే చేయవలెను.

నిజముగా పంట పోయిన సంవత్సరము ఉండును. తామర పురుగు తిన్న చేను మేమును చూచితిమి. అట్టివానికి చట్టము దారి మూయలేదు. పరిస్థితి మారినదని అదే కోర్టులో అర్జీ పెట్టుకొని మొత్తమును మార్పించుకొనవచ్చును. అది ఇప్పుడు 146వ సెక్షను. మనవారు ఆ పని చేయరు. చడిచప్పుడు లేక ఇచ్చుట మానుకొందురు. బకాయి పెరుగును, వారంటు వచ్చును, అప్పుడు "అయ్యగారూ, ఎస్సైగారికి ఒక మాట చెప్పండి" అని మాయొద్దకు వత్తురు. బకాయిపడిన ఒక్కొక్క నెలకు ఒక నెలవరకు జైలు విధించవచ్చును. జైలులో కూర్చుండి వచ్చినంతమాత్రమున అప్పు తీరదని సుప్రీం కోర్టు 1989లోనే తీర్పు చెప్పెను. జైలు శిక్ష ఇప్పించుటకే గాని తీర్చుటకు కాదని దాని భావము. తల్లులును ఒకటి జ్ఞాపకముంచుకొనవలెను. బకాయికి వారంటు కోరు దరఖాస్తు ఆ సొమ్ము ఇయ్యవలసిన తేదీనుండి ఒక సంవత్సరములోగా వేయవలెను. ఓర్చుకొనుట మంచిదే గాని, ఆ ఏడాది దాటనిచ్చుట వలన బిడ్డకు నష్టము.

"పని లేదు, ఆస్తి లేదు" అనువారు కలరు. కాయకష్టము చేయగల శరీరము ఉన్నవాడు కూలి చేసియైనను భార్యాబిడ్డలను పోషించవలెనని 2022 సెప్టెంబరులో సుప్రీం కోర్టు చెప్పెను. పౌలు తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక 5వ అధ్యాయము 8వ వచనము తీసి చదివినయెడల, కోర్టు మాట మెత్తగా తోచును. స్వంతవారిని పోషింపనివానిని అపొస్తలుడు ఎవరికన్నను చెడ్డవాడని అనుచున్నాడో చూడుడి.

"రెండవ పెండ్లి చేసికొంటిని, అక్కడ ఇద్దరు పిల్లలు" అనువారు కలరు. మోషే ధర్మశాస్త్రము నిర్గమకాండము 21వ అధ్యాయములో, దాసిగా వచ్చిన భార్య విషయములో కూడ, మరియొకతెను తెచ్చుకొన్నవాడు మొదటిదాని తిండిని బట్టను తగ్గింపరాదని కట్టడ చేసెను. దాసికే అంత న్యాయమున్నప్పుడు కన్నబిడ్డకు ఎంత ఉండవలెను? అబ్రాహామును చూపి తప్పించుకొనువారు మరియొకటి తలంచుకొనవలెను. ఈ పిల్లవానిని గొప్ప జనముగా చేసెదనని దేవుడు అబ్రాహామునకు ముందే మాట ఇచ్చియుండెను. అట్టి మాట చేతిలో ఉండగా అతడు రొట్టె నీళ్లతో పంపెను. మన తండ్రులలో ఎవరికి అట్టి వాగ్దానము వచ్చినది?

తల్లుల వైపు తప్పే లేదని మేము అనము. కూలి సంపాదనయో, కుట్టుమిషను సంపాదనయో, ప్రైవేటు బడి జీతమో ఉండి, ఏమియు లేదని ప్రమాణము చేయువారు ఉన్నారు. పొలము అన్న పేరున వ్రాయించి, నాకు గజము నేల లేదని చెప్పు తండ్రి చేసిన పాపమే ఇదియును. 2020 నవంబరు 4న సుప్రీం కోర్టు న్యాయమూర్తులు ఇందూ మల్హోత్రా, ఆర్. సుభాష్ రెడ్డి గారలు ఇచ్చిన తీర్పు ప్రకారము, ఇరుపక్షములవారును తమ ఆస్తులు అప్పులు ఆదాయము ఖర్చు అన్నియు ప్రమాణ పత్రములో వ్రాసి కోర్టుకు ఇయ్యవలెను. మనోవర్తి కూడ దరఖాస్తు పెట్టిన తేదీనుండి లెక్కింపబడునని ఆ తీర్పులోనే ఉన్నది గనుక, వాయిదాలు సాగదీసి లాభపడుదుననుకొనుట వ్యర్థము. బిడ్డ భారము తల్లిదండ్రులు ఇద్దరిమీదను, ఎవరి శక్తికొలది వారిమీద ఉన్నదని అదే న్యాయస్థానము 2000లో చెప్పెను. అననీయ సప్పీరాలు ఇద్దరును ఏకమై లెక్క దాచిరి. విడిపోయిన మన దంపతులు ఎవరికి వారే దాచుచున్నారు.

అన్నిటికన్న మాకు ఎక్కువ దుఃఖము కలిగించునది మరియొకటి. "బిడ్డను చూపలేదు గనుక డబ్బు ఇయ్యను" అని ఇతడు, "డబ్బు ఇయ్యలేదు గనుక బిడ్డను చూపను" అని ఆమె. రెండును వేరువేరు సంగతులు. చూచుటకు వేరుగా కోర్టు నడుగవచ్చును. చూడనియ్యలేదని అన్నము ఆపరాదు, అన్నము రాలేదని తండ్రి ముఖము దాచరాదు. సొలొమోను కత్తి తెమ్మన్నప్పుడు నిజమైన తల్లి ఏమి చేసెనో మనకు తెలియును. ఆమె వ్యాజ్యము ఓడిపోవుటకు సిద్ధపడెను. క్రిస్మసు పండుగనాడు కొత్త చొక్కా పట్టుకొని తండ్రి వాకిట నిలిచియుండగా తలుపు గడియ పెట్టించుకొన్న తల్లియు, ఆ చొక్కాయే మనోవర్తియని లెక్క వ్రాసికొన్న తండ్రియు, ఇద్దరును ఆ అధ్యాయమును మోకాళ్లమీద చదువవలసినవారే.

డబ్బు బిడ్డచేతికిచ్చి పంపువారు కూడ కలరు. "మీ అమ్మకు ఇయ్యి, లెక్క అడిగి రమ్మను." ఎనిమిదేండ్ల పిల్లవానిని అమీనాగా చేయకుడి. ఖాతాలో వేసి రసీదు ఉంచుకొనుడి.

ఇప్పుడు సంఘపు మాట చెప్పవలెను. ఇది చెప్పుట మాకు సులువు కాదు. కోతపండుగలో మొదటి బస్తా తెచ్చి బలిపీఠము ముందు పెట్టువానికి మనము చప్పట్లు కొట్టుచున్నాము. గోడ గడియారముమీద, కుర్చీలమీద, మైకు పెట్టెమీద వాని పేరు వ్రాయించుచున్నాము. వాని బిడ్డ పొరుగూరిలో అమ్మమ్మ యింట ఫీజు కట్టలేక బడి మానినది మనకు తెలిసియే యుండును. మార్కు సువార్త 7వ అధ్యాయములో ప్రభువు కొర్బాను అను మాటను గూర్చి పరిసయ్యులను గద్దించెను. తలిదండ్రులకు ఇయ్యవలసినది దేవునికి అర్పితమని చెప్పి ఎగవేయువారిని ఆయన మెచ్చుకొనలేదు. బిడ్డకు ఇయ్యవలసినది తెచ్చి కానుక పళ్లెములో వేసినయెడల మెచ్చుకొనునా? దశమభాగము లెక్కించుటకు ముందు బిడ్డ భాగము తీసియుంచవలెను. బకాయి ఉన్నదని తెలిసిన సహోదరుని కానుకను, అతడు దానిని బిడ్డకు చెల్లించి వచ్చువరకు, పెద్దలు మర్యాదతో తిరిగి అతని చేతికే ఇయ్యవలెనని మా అభిప్రాయము. దానివలన గుడి ప్రహరీ గోడ ఒక సంవత్సరము ఆలస్యమైనను కానిండు.

పెద్దలు ఇరువురినీ పిలిచి ఎవరిది తప్పని విచారించుట మానవలెను. ఆ విచారణ పది సంవత్సరములనుండి జరుగుచునే యున్నది. ఈ నెల బియ్యము చేరినదా, ఫీజు కట్టినదా, మందులకు ఎవరిచ్చిరి, ఇవి మాత్రము అడుగుడి. కోర్టుకు పోవుట విశ్వాసులకు తగదని చెప్పి తల్లిని వెనుకకు పంపకుడి. బిడ్డకు అన్నము పెట్టించలేని పెద్దలకు ఆ మాట చెప్పు అధికారము లేదు. వకీలు ఫీజుకు డబ్బు లేని తల్లికి 1987 నాటి చట్టము ప్రకారము న్యాయ సేవా సంస్థ ఉచితముగా వకీలును ఇచ్చును. స్త్రీలకును పిల్లలకును అందుకు ఆదాయ పరిమితి లేదు. పెద్దలలో చదువు వచ్చిన ఒకరు ఆమెతో కూడ తిరువూరు వెళ్లి, ఆ అర్జీ వ్రాయించి రావచ్చును. ఉత్తరువు నకలు, బ్యాంకు పుస్తకము, బిడ్డ పుట్టిన తేదీ కాగితము, బడి రసీదులు వెంట తీసికొనిపోవలెను.

ఇష్మాయేలు సంగతి 21వ అధ్యాయముతో ముగియలేదు. 25వ అధ్యాయములో అబ్రాహాము నిండు వృద్ధుడై చనిపోయినప్పుడు, మక్పేలా గుహలో అతనిని పాతిపెట్టినది ఇద్దరు కుమారులని వ్రాయబడియున్నది. రొట్టెతోను నీళ్లతిత్తితోను పంపివేయబడిన పెద్దవాడు ఆ దినమున ఇస్సాకు ప్రక్కన నిలిచెను. ఆ నడిమి సంవత్సరములలో హాగరు తన కుమారునితో తండ్రిని గూర్చి ఏమి చెప్పుచుండెనో గ్రంథములో లేదు. ఎంత దూరమునుండి వచ్చెనో లేదు. వచ్చెనని మాత్రము ఉన్నది.