చర్చి గుర్తులు చెరపని మ్యూజియం

న్యూయార్క్ నగరానికి తూర్పున సుమారు 150 కిలోమీటర్ల దూరంలో, లాంగ్ ఐలాండ్‌లోని బ్రిడ్జ్‌హాంప్టన్ ఊళ్లో డాన్ ఫ్లావిన్ కళాసంస్థ ఉంది. ఇప్పుడు దాన్ని డియా బ్రిడ్జ్‌హాంప్టన్ అంటున్నారు. ఆ భవనాన్ని 1908లో ఫైర్ స్టేషన్‌గా కట్టారు. 1924 నుంచి 1970ల నడుమ వరకు అది ఫస్ట్ బాప్టిస్ట్ చర్చి. అక్కడి ఆఫ్రికన్ అమెరికన్ కుటుంబాల ప్రార్థనా స్థలం. 1979లో డియా ఆర్ట్ ఫౌండేషన్ కొనుగోలు చేసింది. కళాకారుడు ఫ్లావిన్ ఆలోచన ప్రకారం ఆర్కిటెక్ట్ రిచర్డ్ గ్లక్‌మన్ మార్పులు చేశాక, 1983లో మ్యూజియంగా తెరుచుకుంది.

ఫ్లావిన్ (1933–1996) చిన్నతనంలో ఫాదర్ కావడానికి బ్రూక్లిన్‌లోని సెమినరీలో చదివి, మధ్యలో మానేశాడు. తర్వాత బజార్లో దొరికే మామూలు ట్యూబ్‌లైట్లే ఆయన సామగ్రి అయ్యాయి. 1963 నుంచి 1981 వరకు చేసిన 9 కళాకృతులు పై అంతస్తులో శాశ్వతంగా ఉన్నాయి. ఒక మూల నుంచి ఎర్రని వెలుగు గోడ మీదికి పాకుతుంది, పక్క గదిలోని పసుపు, ఆకుపచ్చ దానితో కలిసిపోతాయి. తన దీపాలకు ఆధ్యాత్మిక అర్థాలు అంటగట్టడం ఆయనకు నచ్చేది కాదు. అయినా ఒకప్పుడు ప్రార్థనలు జరిగిన చోట వాటిని చూసేవారికి గొంతు పెంచి మాట్లాడబుద్ధి కాదు.

అసలు గొప్పదనం మాత్రం దీపాల్లో కంటే తలుపుల్లో ఉంది. పాత చర్చి తలుపులను పారేయకుండా పై అంతస్తులోని ఒక చిన్న గదికి బిగించారు. ఆ గదిలో నియాన్ శిలువతో పాటు భవన చరిత్రకు సంబంధించిన వస్తువులు భద్రపరిచారు. కింద ప్రవేశ హాలులో మెట్ల రెయిలింగ్ మొదటి స్తంభానికి ఎర్ర రంగు వేశారు, అది ఫైర్ స్టేషన్ రోజుల జ్ఞాపకం. కొన్నవాడికి కూల్చే హక్కు ఉంటుంది, ఉంచుకోవడం సంస్కారం.

ఈ సంస్కారంతో ప్రవాస భారతీయులకూ పని ఉంది. న్యూయార్క్‌లో తెలుగువారూ తరచూ వెళ్లే ఫ్లషింగ్ గణపతి ఆలయం ఒకప్పటి రష్యన్ ఆర్థడాక్స్ చర్చి స్థలంలోనే వెలిసింది. 1977 జూలై 4న కుంభాభిషేకం జరిగింది. పెద్ద హాలు, కార్లు నిలిపే చోటు సిద్ధంగా ఉంటాయి గనుక పాత చర్చిలను కొని గుడులుగా, సంఘ భవనాలుగా మార్చుకునేవారు ఇప్పటికీ ఉన్నారు. అలా మార్చుకునే తెలుగు సంఘాలు ఆ చర్చి శంకుస్థాపన ఫలకాన్ని తీసేయకూడదు. పాత ఫోటో ఒకటి హాలులో పెట్టాలి. అక్కడ పెళ్లిళ్లు చేసుకున్న పెద్దలను తొలి ఉగాదికి అతిథులుగా పిలవాలి.