పట్టుదల ఎవరి సొత్తు?

పట్టుదల, ఆత్మనిగ్రహం - ఈ మాటలు వినగానే అభ్యుదయవాదులలో చాలామందికి అనుమానం కలుగుతుంది. ఆ అనుమానానికి కారణం లేకపోలేదు. పేదవాడి పేదరికానికి వాడి సోమరితనమే కారణమని చెప్పదలచుకున్న ప్రతివాడూ ఈ మాటలనే వాడుతూ వచ్చాడు. అయితే ఒక మాటను మన ప్రత్యర్థి వాడుకున్నంతమాత్రాన దాన్ని అతనికే వదిలిపెట్టవలసిందేనా? వదిలిపెట్టకూడదని నా అభిప్రాయం. ఎందువల్ల కూడదో చెప్పటానికి ప్రయత్నిస్తాను.

ముందు ప్రత్యర్థి వాదాన్ని చూద్దాం. శామ్యూల్ స్మైల్స్ రాసిన 'స్వయంసహాయం' అనే పుస్తకం 1859లో ఇంగ్లండులో వెలువడింది. మార్క్స్ అర్థశాస్త్ర విమర్శ గ్రంథం వెలువడింది కూడా ఆ సంవత్సరమే. మొదటి పుస్తకం మనిషి భవిష్యత్తును అతని చేతిలోనే పెట్టింది. రెండవది ఆ చెయ్యి ఏ ఉత్పత్తి సంబంధాల మధ్య కదులుతున్నదని అడిగింది. మంగలిగా బతుకు ప్రారంభించి నూలు మిల్లుల యజమాని అయిన ఆర్క్‌రైట్ స్మైల్స్ మెచ్చుకున్న వీరులలో ఒకడు. ఆర్క్‌రైట్ శ్రమించిన మాట నిజమే. కాని 1771లో అతను క్రామ్‌ఫర్డ్‌లో నెలకొల్పిన మిల్లులో పిల్లలు కూడా పనిచేశారు. గంట మోగగానే లేచి, నిద్ర ఆపుకుని, పన్నెండేసి గంటలు మర దగ్గర నిలబడిన ఆ పిల్లలకు నిగ్రహం తక్కువైందా? పట్టుదల ఒక్కటే మనిషిని పైకి తెచ్చేటట్లయితే ఆ పిల్లలందరూ పైకి రావలసిందే గదా! రాలేదు. ఎందుకంటే వాళ్ల నిగ్రహం వాళ్లది కాదు. అది మిల్లుకు పెట్టుబడి అయింది.

ఇది ఎప్పటిదో ఇంగ్లండు కథ అని కొట్టిపారెయ్యటానికి వీల్లేదు. మన రెండు తెలుగు రాష్ట్రాలలోనూ ఇంటర్మీడియట్ పిల్లలను హాస్టళ్లలో పెట్టి, తెల్లవారకముందే లేపి, రాత్రి పొద్దుపోయేదాకా పుస్తకం ముందు కూర్చోబెట్టే చదువు ఒక వ్యాపారంగా సాగుతూనే ఉంది. దానికీ క్రమశిక్షణ అనే పేరు. 2019లో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితాలు తప్పులతో వెలువడ్డాయి. ఆ రోజులలో ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. జవాబుపత్రాలను తిరిగి పరిశీలించినప్పుడు, తప్పారన్నవారిలో వెయ్యిమందికి పైగా ఉత్తీర్ణులేనని తేలింది. తప్పు లెక్కలోనూ ఉండవచ్చు, ప్రశ్నలోనూ ఉండవచ్చు, అసలు ఆ పోటీలోనే ఉండవచ్చు. అయినా "నేను సరిగా కష్టపడలేదు" అని ఆ పిల్లలు తమనే నిందించుకునేటట్లు ఎవరు చేశారు? ఫలితానికంతకూ వ్యక్తి ప్రయత్నమే కారణమని చెప్పే నీతి మనుషులను చంపగలదు. దీన్ని మనం మెత్తగా చెప్పనవసరం లేదు.

ఇంతవరకు మనవాళ్లెవరూ నాతో పేచీపడరు. పేచీ ఇకముందే ఉంది.

పరిస్థితులే మనిషిని తయారుచేస్తాయి గనుక పరిస్థితులు మారేదాకా వ్యక్తిగతమైన సాధన అంతా బూర్జువా భ్రమ అని మనలో కొందరు వాదిస్తారు. ఈ వాదం భౌతికవాదంలాగా కనిపిస్తుంది. కాని 1845లోనే మార్క్స్ ఫాయర్‌బాఖ్ మీద రాసుకున్న సూత్రాలలో మూడవది దీన్నే ఖండించింది. పరిస్థితులు మనుషులను మారుస్తాయన్నవాళ్లు ఆ పరిస్థితులను మార్చేది కూడా మనుషులేనన్న సంగతి మరచిపోతారని దాని సారాంశం. నేర్పేవాడు కూడా నేర్చుకోవలసినవాడే. ఆ నేర్చుకోవటం సాధన లేకుండా ఎలా జరుగుతుంది?

గ్రాంసీ ఈ విషయాన్ని జైలులో కూర్చుని ఆలోచించాడు. 1926లో అరెస్టయిన ఆయనకు గదిలో రాసుకోవటానికి 1929లో గాని అనుమతి దొరకలేదు. చెడిన ఆరోగ్యంతో ముప్పైకి పైగా నోటుపుస్తకాలు నింపాడు. చదువు కూడా శ్రమే, శరీరానికి కూడా అలవాటు చేయవలసిన శ్రమ అని ఆయన అందులో గుర్తించాడు. గంటలతరబడి ఒకచోట కూర్చోవటం, మనసు ఒకదానిమీద నిలపటం చదువుకున్న ఇంటి బిడ్డకు ఇంట్లోనే అబ్బుతాయి. కూలివాడి బిడ్డ వాటిని బడిలోనే సంపాదించాలి. కాబట్టి పేదపిల్లలమీద జాలితో చదువును తేలిక చేసే ఉపాధ్యాయుడు వాళ్లకు మేలు చేస్తున్నాననుకుంటాడు గాని, పైవర్గం చేతిలో ఉన్న ఒక ఆయుధాన్ని పైవర్గానికే వదిలేస్తున్నాడు.

మన దగ్గర గిడుగు రామమూర్తిగారి జీవితం ఉంది. ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. పొరుగు కొండలలోని సవరలతో మాట్లాడాలనిపించి, సవర భాష తెలిసినవారిని దగ్గర పెట్టుకుని నేర్చుకున్నాడు. ఆ భాషలో పిల్లలకు పుస్తకాలు రాశాడు, బడులు పెట్టాడు. అడవులలో తిరిగి మలేరియా తెచ్చుకున్నాడు. దానికి వాడిన క్వినైను వల్ల వినికిడి దెబ్బతిన్నది. మాటలు విని నేర్చుకునేవాడికి ఇంతకుమించిన దెబ్బ ఏముంటుంది? అయినా ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయినాయి. అప్పటికి ఆయనకు డెబ్బైఅయిదేళ్లు. ఈ మధ్యలోనే వాడుకభాష కోసం పండితులతో పోరాడాడు.

ఇది వ్యక్తి ఘనత మాత్రమేనా? కాదు. ఆయనకు ఉద్యోగం ఉంది, జీతం ఉంది. అంతకన్న ముఖ్యం, ఓపికతో ఆయనకు మాటలు నేర్పిన సవరలు ఉన్నారు. ఆ నిఘంటువులో వాళ్ల పట్టుదల కూడా ఉంది. కాని ఆ జీతం, ఆ అవకాశం ఉన్న ఉపాధ్యాయులు ఆ రోజులలో ఇంకా ఎందరో ఉన్నారు. పరిస్థితి దారి చూపించింది, నడిచింది మనిషి. ఈ రెండింటిలో ఏ ఒక్కటి తీసేసినా ఆ పుస్తకం లేదు.

అయితే మిల్లు పిల్లల నిగ్రహానికీ గిడుగు నిగ్రహానికీ తేడా ఎక్కడుంది? నాకు మూడు ప్రశ్నలు తోస్తున్నాయి. ఈ శ్రమ లక్ష్యాన్ని ఎవరు నిర్ణయించారు? శ్రమించేవాడికి ఆ లక్ష్యాన్ని ప్రశ్నించే, అవసరమైతే మార్చుకునే హక్కు ఉందా? దాని ఫలితం ఎవరికి చేరుతుంది? సవర పిల్లవాడికి తన భాషలో మొదటి పాఠం అందించిన సాధన ఈ ప్రశ్నలకు తట్టుకుంటుంది. ర్యాంకుల కోసం నిద్రను చంపించే క్రమశిక్షణ మొదటి ప్రశ్న దగ్గరే నిలవదు.

కనుక ఉపాధ్యాయమిత్రులకు నేను చెప్పేది ఇది. కూలివాడి కొడుకు లెక్క చెయ్యలేకపోయినప్పుడు "కష్టపడలేదు" అనవద్దు. "వాడి పరిస్థితి అంతే" అని కూడా అనవద్దు. ఇంట్లో దీపం ఉందా, పొలం పనికి పోతున్నాడా అని అడిగి తెలుసుకోండి. అతనికి చోటూ సమయమూ దొరికేటట్లు చెయ్యటానికి సంఘంగా కొట్లాడండి. ఆ తరువాత పక్కన కూర్చుని, ఆ లెక్కనే మళ్లీ చేయించండి. వచ్చేదాకా చేయించండి. విద్యార్థులకూ ఇదే వర్తిస్తుంది. ఊరేగింపులో నడిచిన సాయంత్రం కూడా చదవవలసిన పేజీలు మిగిలే ఉంటాయి. వాటిని మనకోసం మరొకరు చదివిపెట్టరు.