అటక మీద చెయ్యి వేసే ముందు

పండక్కి ఇంటికొచ్చావు, సంతోషం. వచ్చిన మర్నాడే నడుం బిగించి అటక ఎక్కావట! ఖాళీ హార్లిక్స్ సీసాలు, సొట్టలు పడ్డ డబ్బాలు, మడతలు పెట్టి దాచిన బట్టల కొట్టు సంచులు అన్నీ మూటగట్టి మున్సిపాలిటీ బండికి ఎత్తేస్తానన్నావట. ఇల్లు శుభ్రంగా ఉండాలనేగా నీ తాపత్రయం, కాదనను నాయనా. కానీ కాస్త ఆగు. ఇన్నేళ్ళుగా ఉన్నవి ఇంకో గంట ఉంటే కొంప మునగదు. ఇలా వచ్చి కూర్చో.

మీ తాతయ్యదీ నాయనమ్మదీ నా ఈడే. మేం పిల్లలుగా ఉన్నప్పుడు, 1965లో, లాల్ బహదూర్ శాస్త్రి సోమవారం రాత్రి భోజనం మానమని దేశాన్నంతా అడిగారు. ఒక పక్క తిండిగింజలకి కటకట, మరో పక్క పాకిస్తాన్‌తో యుద్ధం. అమెరికా నుంచి ఓడల్లో గోధుమలొస్తే రేషన్ షాపు ముందు సంచి పట్టుకుని నిలబడ్డది మేమే. సీమలోనూ తెలంగాణ పల్లెల్లోనూ ఎన్నో ఇళ్ళల్లో వరి అన్నమంటే పండగ పూట మాట. కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది 1983లో. ఆ తర్వాత కూడా గ్యాస్‌కి రాసిపెడితే ఏళ్ళు, టెలిఫోనుకి ఏళ్ళు, స్కూటరుకి ఏళ్ళు. అలా కళ్ళు కాయలు కాసేలా చూసి తెచ్చుకున్న వస్తువుని పారెయ్యడానికి చేతులెలా వస్తాయి చెప్పు? పారెయ్యడం దాకా ఎందుకు, వాడడానికే రావు. నువ్వు పంపిన దుప్పటి ఇంకా కవరు కూడా విప్పకుండా బీరువాలోనే ఉంది, చూశావా?

దాన్ని నువ్వు పిసినారితనం అంటావు. అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. పిసినారి ఎదుటివాడికి పెట్టడు. వీళ్ళు తమకి పెట్టుకోరు. రెండూ ఒకటేనా? అన్నం వేళకి చెప్పకుండా మనిషొస్తే మీ నాయనమ్మ చారులో ఓ గ్లాసుడు నీళ్ళు పోసి మరిగించి, వాళ్ళు తిని వెళ్ళాక గిన్నె అడుగు గీకి మజ్జిగ పోసుకునేది. అడిగితే ఇవాళ ఆకలి లేదనేది. మీ తాతయ్య పాల లెక్క వెంకట్రామా క్యాలెండరు మీదే కదా. తేదీ పక్కన నిలువు గీత, పాలు రాని రోజు సున్నా. ఒక నెల పాలవాడు ఒక పూట తక్కువ చెప్పాడు. ఈయన క్యాలెండరు గోడ మీంచి తీసుకొచ్చి, వేలు పెట్టి చూపించి, ఆ పూట డబ్బులు కలిపి మరీ ఇచ్చాడు. లెక్క రాసుకునేది ఎగ్గొట్టడానికి కాదు నాయనా. చేబదులు తెచ్చినా అంతే, అవతలివాడు గుమ్మం తొక్కకముందే తిరిగిచ్చేవాడు.

నీకేమో వేలు ఆనిస్తే సామాను గుమ్మంలోకొస్తుంది. కొనొద్దని నేననను, సంపాదించుకుంటున్నావు. కొనే ముందు ఒక్క రాత్రి ఆగమంటాను, అంతే. వాయిదాల మీద తెచ్చిన ఫోను పగిలినా వాయిదా ఆగదుగా.

అలాగని మా తరం చేసిందంతా ఒప్పని కాదు. తమకి పెట్టుకోకపోవడం ముదిరి ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకోవాలంటే అటక కాదు, మందుల డబ్బా వెతుకు. డాక్టరు రోజూ వేసుకోమన్న బీపీ మాత్ర రోజు మార్చి రోజు వేసుకుంటుంటారు. బ్లేడుతో సగానికి కోసి కాగితంలో చుట్టిపెట్టిన ముక్క దొరికినా దొరుకుతుంది. నువ్వు ఫోన్ చేస్తే మాత్రం “బానే ఉన్నాం, నువ్వు వేళకి తిను” అంటారు. ఆ మాట నమ్మకు. డబ్బు పంపుతున్నాను కదా అంటావేమో, అదంతా తీసుకెళ్ళి నీ పేరునే డిపాజిట్ చేసుంటారు, పాసుబుక్కులు చూడు.

అరవకు మాత్రం. అరిస్తే ఈసారి మాత్రలు ఇంకా లోపల దాస్తారు. రేపు పొద్దున టిఫిన్లయ్యాక ఇద్దర్నీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. మీ నాయనమ్మ వద్దంటుంది, నాకేం రోగమంటుంది, తాతయ్యని ఒక్కణ్ణే చూపించమంటుంది. బతిమాలకు. ఫీజు ముందే కట్టేశాననీ, వెళ్ళకపోతే తిరిగివ్వరనీ చెప్పు. నువ్వు చెప్పులు వేసుకునేలోపు చీర మార్చుకుని గుమ్మంలో ఉంటుంది.